రక్తంలో లేని దోషం

పీపాల మధ్య నేలమీద కూతురు గిలగిల కొట్టుకుంటోంది. పళ్లు గిట్టకరుచుకుపోయాయి, రెండు చేతుల వేళ్లూ కొంగముక్కుల్లా కొనలు కలిసి బిగుసుకుపోయాయి!

తల్లి మెట్లమీదే ఆగిపోయింది. ఒక్క క్షణమే... కానీ ఆ క్షణంలో ఆమెను కట్టిపడేసింది మూర్ఛ కాదు, ఆ వేళ్లు. ఆ వేళ్లను ఆమె ఎరుగును. పెళ్లికి ముందు, రోగానికి పేరు తెలియని రోజుల్లో, తన చేతులే అలా బిగుసుకుపోయేవి. ఎవరైనా పట్టి విడదీస్తేగాని వీడేవి కావు. నా ఒంట్లోని పాపం నా బిడ్డ ఒంట్లోకి పాకింది అనుకుందామె. ఆ తర్వాతే కాళ్లు కదిలాయి. పరుగున వెళ్లి, పగిలిన గాజు కప్పు ముక్కలు కాలితో పక్కకు నెట్టి, పిల్లను పక్కకు తిప్పి పట్టుకుని భర్తను కేకేసింది.

ఆయన వెనకగదిలోంచి వచ్చి కూతుర్ని రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు. మెట్లమీద అత్తగారు నిలబడి ఉంది. ఆవిడ మనవరాలి చేతుల వంక చూసింది. తర్వాత కోడలి మొహం వంక చూసింది.

"అంటించావన్నమాట," అంది నింపాదిగా. "నీతో పోతుందిలే అనుకున్నాను."

అది వెనిగర్ తయారుచేసే ఇల్లు. కింద పీపాల కొట్టు, పైన కాపురం. పులిసిన వాసన గోడలకీ దుప్పట్లకీ జుట్టుకీ పట్టేసి, ఇంట్లోవాళ్ల ముక్కుకి ఎప్పుడో తెలియడం మానేసింది. కొట్టిన మేకు ఏడాది తిరక్కుండా తుప్పుపట్టేది. ఈ వ్యాపారానికి పెట్టుబడి పీపాలు కాదు, నాలుక. ఏ పీపా పక్వానికొచ్చింది, ఏది ఇంకా ఆగాలి, దేంట్లో దేన్ని ఎంత కలిపితే మేలిరకం అవుతుంది... అదంతా ఒక్క చుక్క నాలుకమీద వేసుకుని చెప్పాలి. ఆ ఇంటాయన అలా చెప్పగలడు కాబట్టే బజారులో ఆయన పేరే నాలుక అయిపోయింది. కొనుగోలుదారులు కాగితాలు చదివేవాళ్లు కాదు, ఆయన మొహం చదివేవాళ్లు. ఆ ఇంటికి ఒక నియమం ఉండేది. రుచి చూసేవాళ్లు మందూ మాత్రా ముట్టకూడదు. మందు తిన్న నాలుక అబద్ధం చెబుతుందని వాళ్ల నమ్మకం. ఫలానా ఇంట్లో రుచి చూసే మనిషి మాత్రలు మింగుతున్నాడని తెలిస్తే, ఆ ఇంటి గడప ఇంకెవరూ తొక్కరు.

కూతుర్ని అందరూ చుక్క అని పిలిచేవారు. పాలు మానకముందే తండ్రి వేలిమీది వెనిగర్ చుక్క నాకి నవ్విందట. చదువు పూర్తికాగానే, రెండేళ్లుగా, తండ్రి పక్కన నిలబడి రుచి చూడడం నేర్చుకుంటోంది.

ఇక కోడలికి ఆ ఇంట్లో ఉన్న పేరు ఉప్పుబస్తా. అది అత్తగారు పెట్టింది. ఆమె మూత్రపిండాలు ఒంట్లో నిలవాల్సిన మెగ్నీషియాన్నీ ఉప్పునీ పట్టి ఉంచలేవు, చిల్లికుండలా వదిలేస్తాయి. పుట్టుకతో వచ్చిన లోపం. భోజనం భోజనానికీ మాత్ర వేసుకోవాలి, కూటిలో ఉప్పు ఎక్కువ పడాలి. అందుకని ఆమె కూర ఎప్పుడూ వేరే గిన్నెలో ఉండేది. ఈ సంగతి పెళ్లికి ముందే ఆమె తండ్రి దాపరికం లేకుండా చెప్పాడు. అత్తగారు అక్కర్లేదని లేచి వెళ్లిపోయింది. అబ్బాయి మాత్రం కూర్చునే ఉన్నాడు. మాత్రలు వేసుకుంటే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకు అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె ఇన్నేళ్లూ ఆయనకు రుణపడి బతికింది. అత్తగారు అన్న ప్రతి మాటా ఆ మాట బలంతోనే మింగింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి పెదవి విరిచింది. మెగ్నీషియం అడుగంటిపోయింది, దానితోపాటు కాల్షియాన్ని కూడా లాక్కుపోయింది, అందుకే మూర్ఛ అంది. ఇంకాస్త తగ్గితే గుండె లయ తప్పుతుంది, అప్పుడు చేతులు బిగుసుకోవడం కాదు, గుండే ఆగుతుంది అని కూడా దాచకుండా చెప్పింది. సెలైన్‌లో కలిపి మెగ్నీషియం నెమ్మదిగా ఎక్కించారు. సాయంత్రానికి వేళ్లు విడివడ్డాయి.

వరండాలో తల్లి భర్త చేతులు పట్టుకుంది. "నా రక్తమేనండీ... నన్ను క్షమించండి," అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఆమె తల నిమిరాడు.

మర్నాడు డాక్టరమ్మ అందర్నీ గదిలోకి పిలిచింది. పిల్ల మూత్రం పరీక్ష చేయించిందట. తల్లిది ఎలా ఉంటుందో పాత కాగితాల్లో చూసిందట. రెండింటికీ పొంతనే లేదంది.

"మీ మూత్రపిండాలు మెగ్నీషియాన్ని పారబోస్తాయమ్మా. మీ అమ్మాయివి పిసినారిలా పట్టుకు కూర్చున్నాయి, ఒక్క చుక్క వదలడం లేదు. అంటే లోపం అక్కడ లేదు. ఇది మీ జబ్బు కాదు."

పైగా ఆ జబ్బు తల్లి ఒక్కతీ ఇస్తే వచ్చేది కాదట. తండ్రివైపునుంచీ అదే లోపం అందాలి. పేగులకు మెగ్నీషియం పీల్చుకునే శక్తి పుట్టుకతోనే లేని రకం ఇంకొకటి ఉంది గాని, అది ఉయ్యాల్లో ఉండగానే బయటపడుతుందట. ఇంత వయసొచ్చాక హఠాత్తుగా ఇలా అయిందంటే బయటి కారణం ఏదో ఉండాలి అంటూ ఒక్కొక్కటే అడిగింది. తాగుడు ఉందా? చాలాకాలంగా విరేచనాలు అవుతున్నాయా? నీరు తీసే మాత్రలు వాడుతోందా? కడుపులో మంటకు వేసుకునే గుళికలు, ఆమ్లం ఊరకుండా చేసేవి, నెలల తరబడి వాడితే కొందరికి పేగులు మెగ్నీషియాన్ని పీల్చుకోవడం మానేస్తాయి. అలాంటివేమైనా? అదే అయితే మందు ఆపితే చాలట. కొన్నాళ్లకు మనిషి మామూలైపోతుంది. ఆపకపోతే ఎంత ఎక్కించినా ఇంటికెళ్లాక మళ్లీ ఇంకిపోతుంది.

చుక్క తల అడ్డంగా ఊపింది. అంతకంటే ముందే ఆమె తండ్రి జవాబు చెప్పాడు. "మా ఇంట్లో రుచి చూసేవాళ్లు మాత్ర ముట్టరండీ. తాతలనాటి నియమం."

తల్లికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. నా రక్తం కాదు! తలుపు దాటగానే అత్తగారి వైపు తిరిగి, విన్నారా అత్తయ్యా అన్నట్టు చూసింది. అన్నేళ్లలో మొదటిసారి అలా చూసింది. అదే తప్పయింది.

"విన్నాను," అంది అత్తగారు. "రక్తంలో లేకపోతే వంటలో ఉంది. వండేదెవరు?"

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం ఆ రోజునుంచి ఆ ఇంట్లోనే కాపురం పెట్టింది. అత్తగారు తన కూతురికి కబురు పెట్టింది. ఆడపడుచు పొరుగూరినుంచి దిగి, వదినతో ఒక్క మాటైనా మాట్లాడకుండా, మేనకోడల్ని తనతో తీసుకుపోయింది. తల్లి రావడానికి లేదన్నారు. ఆమె భర్త వంక చూసింది. "కొన్నాళ్లే కదా," అన్నాడాయన, చెప్పులు వెతుక్కుంటూ.

పీపాల కొట్టు అన్నాళ్లూ మూగబోయింది. ఆయన రోజూ దిగి వెళ్లేవాడు, పీపాల మధ్య తిరిగేవాడు, ఒక్కటీ కలపకుండా పైకొచ్చేవాడు. బిడ్డమీద బెంగ అనుకుందామె. జాలిపడింది కూడా!

ఆడపడుచు ఇంట్లో చుక్క కోలుకుంది. అక్కడ చేయించిన పరీక్షలో మెగ్నీషియం నిండుగా ఉంది. పని లేని ఆ రోజుల్లో వేసుకున్న మెగ్నీషియం మాత్ర కూడా తగ్గించేశారు. ఆ వార్త వచ్చిననాడు తల్లి సంతోషంతో ఏడవాలో, భయంతో ఏడవాలో తెలియక నిలబడిపోయింది. ఎందుకంటే అత్తగారు ఆ వార్తను చేతికి దొరికిన కర్రలా పట్టుకుంది. ఈ గుమ్మం దాటితే పిల్ల బాగుంటుంది, దీని చేతి కూడు తింటే పడిపోతుంది, ఇంకేం సాక్ష్యం కావాలి అని వీధి వినేలా అడిగింది. బయట తూము కడుగుతున్న పక్కింటావిడ చీపురు ఆపి మరీ విన్నది. అప్పటినుంచి వంటగది అత్తగారిదైంది. కోడలికి పెరటివైపు గదీ, ఒక చిన్న స్టవ్వూ మిగిలాయి.

పెద్ద కొనుగోలుదారులు వచ్చే కాలం దగ్గరపడింది. ఆయనే స్వయంగా వెళ్లి కూతుర్ని తీసుకొచ్చాడు. తల్లి ఆత్రంగా గుమ్మంలోకి వచ్చింది. ఆకలితో వచ్చి ఉంటుందని తన గదిలోంచి పళ్లెం పట్టుకొచ్చింది. చుక్క పళ్లెం వంక చూసి, నానమ్మ వంక చూసి, మళ్లీ తల్లిని చూడలేక తల దించుకుంది.

"వద్దమ్మా... కొన్నాళ్లు. నువ్వేమీ అనుకోకు."

అత్తగారు అన్నవన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. ఆమె పళ్లెం వెనక్కి తీసుకెళ్లింది. కూర్చుని, బిడ్డ ముట్టని కూడు తనే తింది, ఒక్కొక్క ముద్దా దిగమింగుకుంటూ... ఇకమీదట ఆమెకు కావలసింది రెండే. బిడ్డ బతకాలి. బతికి, తన చేతి ముద్ద తినాలి.

కొన్ని వారాలు గడిచాయి. చుక్క నానమ్మ వండిందే తింటోంది. తల్లి గది వైపు చూడడం కూడా లేదు. అయినా ఒకనాడు మెట్లెక్కుతూ పిక్కలు పట్టేసి కూలబడింది. పెదాలు తిమ్మిరెక్కుతున్నాయంది. పరీక్ష చేయిస్తే మెగ్నీషియం మళ్లీ దిగజారింది. ఈసారి ఎక్కించడంతోపాటు డాక్టరమ్మ గట్టిగా హెచ్చరించింది: కారణం దొరక్కపోతే ఏదో ఒకనాడు ఆస్పత్రికి చేరేలోపే పోతుంది.

ఇప్పుడేమంటారు, నా చెయ్యి తగల్లేదు కదా అని తల్లి అడిగితే, చెయ్యి తగలకపోతే చూపు తగిలి ఉంటుంది అంది అత్తగారు. ఆవిడతో వాదించడం గోడతో తల కొట్టుకోవడమే. గోడకేం నొప్పి?

ఆ మధ్యాహ్నమే జరిగింది ఆ పొరపాటు. అత్తగారికి చూపు మందగించింది. కోడలు తన స్టవ్వు పాడై వంటగదిలో చారు కాచుకుని, గిన్నెను గట్టుమీద పెట్టి నీళ్లకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అత్తగారు ఆ గిన్నె చారే కొడుక్కి వడ్డించేసింది. కోడలు గుమ్మంలో కొయ్యబారిపోయింది. ఆ చారులో పడ్డ ఉప్పు మామూలు మనిషి నాలుకమీద పెట్టలేడు. ఆమె ఒంటికి మందులాంటిది, ఇంకొకరికి సముద్రం. పైగా తింటున్నది ఎవరు? చిటికెడు ఉప్పు ఎక్కువైందని ఒకప్పుడు పళ్లెం గోడకు కొట్టిన మనిషి! ఇప్పుడు విసిరేస్తాడు, ఇప్పుడు అరుస్తాడు అని ఊపిరి బిగబట్టి చూసింది. ఆయన రెండోసారి వేయించుకున్నాడు. గిన్నె వంచుకుని తాగాడు. మూతి తుడుచుకుని, "బావుంది," అన్నాడు తన తల్లితో.

ఇంట్లో ఎవరికీ తెలియనిది, బజారు మొత్తానికీ తెలియనిది, కోడలికి ఒక్క గిన్నె చారుతో తెలిసిపోయింది. ఆయనకు రుచి తెలియడం లేదు. ఏమీ తెలియడం లేదు. మరైతే ఇన్నాళ్లూ కొనుగోలుదారుల ముందు మాట్లాడుతున్న నాలుక ఎవరిది?

చుక్కను ఒంటరిగా పట్టుకోవడానికి ఆమె పెరట్లో బట్టలారేసే దగ్గర కాపుకాసింది. తిండి గురించి కాదులే భయపడకు, పని గురించి చెప్పు అంది. పిల్ల మొదట ముక్తసరిగా మొదలుపెట్టినా, పని మాట వచ్చేసరికి మొహం వెలిగింది. ముందు తను రుచి చూసి చెప్పాలట. నాన్న తలూపి సరే అంటాడట. తర్వాత కొనుగోలుదారుల ముందు అవే మాటలు అంటాడట. ఇదంతా శిక్షణ, తను ఎప్పుడూ తప్పలేదని ఆయనకు మహా గర్వమట. మరి పొద్దున్నే పరగడుపున అంత పులుపు మీద పులుపు పడితే కడుపు మండదా అని తల్లి అడిగింది.

"మొదట్లో మండేదమ్మా, ఇక నావల్ల కాదని మానేస్తానన్నాను కూడా. అప్పుడు నాన్న తేనె ఇవ్వడం మొదలుపెట్టాడు. పని మొదలెట్టే ముందు ఒక చెంచా, తన చేత్తోనే. నాలుక మేల్కొంటుందని. మంట చేత్తో తీసేసినట్టు పోయింది."

"తేనెకే పోయిందా?"

"ఆ. అందులో సన్నగా ఆవగింజల్లాంటివి ఉంటాయి, నమలకుండా మింగమంటాడు. పుప్పొడట."

"మీ మేనత్త ఇంట్లో ఉన్నప్పుడో?"

"అక్కడ తేనెందుకు? పనే లేదుగా," అని నవ్వింది చుక్క.

తల్లి నవ్వలేదు. తాడు మీది తడిబట్టను రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. డాక్టరమ్మ అడిగిన ప్రశ్న, ఆయన తొందరపడి చెప్పిన జవాబు... ఒకదాని వెంట ఒకటి వచ్చి గుండెలో గుచ్చుకున్నాయి. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. భర్త గుట్టు రట్టైతే ఈ ఇల్లూ ఉండదు, వ్యాపారమూ ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే పొద్దున్నే కొట్టులోకి దిగింది, అత్తగారిని చెయ్యిపట్టి వెంట నడిపించుకుని. ఎందుకే అని ఆవిడ గింజుకుంటే, విషం పెట్టేది ఎవరో చూపిస్తాను రండి అంది. ముసలావిడ నోరు మూసుకుని నడిచింది.

ఎండ కిటికీ ఊచల్లోంచి పీపాల మీద చారలుగా పడుతోంది. ఆయన చెంచా పట్టుకుని ఉన్నాడు, పిల్ల నోరు తెరవబోతోంది. తల్లి వెళ్లి ఆ చెంచా తన అరచేతిలో వంపుకుంది. వేలితో నలిపింది. బంకబంకగా, తెల్లటి గింజలు తేలాయి.

"ఏంటిది? చెయ్యి తీయ్," అన్నాడాయన.

ఆమె మొదటి వరుస పీపాలోంచి కప్పులోకి వెనిగర్ పట్టింది. కొంగున మూటగట్టి తెచ్చిన గుప్పెడు ఉప్పు, ఆయనకు వీపు తిప్పి, అందులో వేసి కలిపింది. కప్పు ఆయన ముందు పెట్టింది.

"దీన్నెప్పుడు అమ్మొచ్చో చెప్పండి."

చుక్క ఏమీ అర్థంకాక ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆయన భార్య కళ్లలోకి చూశాడు. వెనక్కి తగ్గితే పరువు పోతుందనుకున్నాడో, బజారులో అలవాటైన ధీమాయో... గుక్కెడు తీసుకుని, కళ్లు మూసుకుని, అలవాటు ప్రకారం తల పక్కకు వాల్చాడు.

"నిండుగా ఉంది. ఇంకో నెల ఆగితే మేలిరకం."

కప్పు కూతురికిచ్చింది తల్లి. చుక్క నాలుకమీద వేసుకుని వెంటనే నేలమీద ఉమ్మేసింది. "నాన్నా, ఇది ఉప్పు," అంది. తండ్రి మొహం చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. తల్లికి ఆనుకునేదాకా వెనక్కి వచ్చింది.

తల్లి అరచెయ్యి చాపి ఆ గింజలు చూపించింది. ఇవేమిటో మీ నోటితో చెప్పండి, నేను డాక్టరమ్మకు చెప్పాలి అంది. అత్తగారు కొడుకు భుజం పట్టుకుని కుదిపింది. చెప్పరా, ఇదంతా అబద్ధమని చెప్పరా అని బతిమాలింది. ఆయన తల్లి చేతిని మెల్లగా తీసేసి, పీపా అంచుమీద కూలబడ్డాడు. ఆ తేనె చెంచానే చూస్తూ నోరు విప్పాడు.

"రెండేళ్ల కిందట మంచాన పడ్డాను చూడు, ఆ జ్వరం తగ్గాక పోయింది. వాసనా పోయింది, రుచీ పోయింది. నోట్లో చురుకు తప్ప ఏమీ తెలియదు. వస్తుందిలే అనుకున్నాను, రాలేదు. అప్పుడే ఇది ఒక చుక్క వేసుకుని, నేను చెప్పాల్సిందంతా చెప్పేసింది. చెట్టు పేరు నాది, కాయలు దానివి... ఎవరికి తెలుస్తుంది? కడుపు మండుతోంది మానేస్తానంది. అది మానేస్తే నేను లేను. మందంటే తీసుకోదు, మన నియమం దానికి నాకంటే ఎక్కువ. అందుకని గుళిక విప్పి తేనెలో కలిపాను. కడుపుమంట మందే కదా, ఏమవుతుంది అనుకున్నాను. ఒట్టు, అప్పుడు తెలియదు. డాక్టరమ్మ అడిగిందే, ఆ నిమిషం తెలిసింది. ఆవిడ మాట పూర్తి కాకముందే తెలిసింది. చెప్పి ఉండొచ్చు. చెబితే పిల్ల లేచేది, నేను కూలిపోయేవాణ్ణి. నేను నిలబడదామనుకున్నాను. చెల్లి ఇంట్లో బాగుపడిందని విన్నాక కూడా... మళ్లీ కలిపాను. సగం గుళికే కదా, ఈ ఒక్క బేరం అయిపోనీ అనుకున్నాను. వరండాలో నువ్వు నా చేతులు పట్టుకుని నా రక్తమే అని ఏడ్చావు చూడు, అప్పుడు నీ తల నిమిరింది ఓదార్చడానికి కాదు. నువ్వు తలెత్తి నా మొహం చూడకుండా. అమ్మ నిన్ను విషం పెట్టావంది, వీధంతా వింది. నాకు సిగ్గేసి ఉంటుందని నువ్వనుకున్నావేమో. లేదు. అమ్మ నిన్ను తిట్టిన ప్రతిసారీ, ఇవాళ్టికి నావైపు ఎవరూ చూడరని ఊపిరి పీల్చుకున్నాను."